వార్ధక్య కండర క్షీణత – అనుబంధ పోషకాలు

వయసు పైబడేకొద్దీ కండరాల పరిమాణం, బలం, పనితీరు తగ్గిపోవడమే వార్ధక్య కండర క్షీణత. వైద్యులు దీన్ని సార్కోపీనియా అంటారు. దీన్ని నెమ్మదింపజేయడానికి ఆహారంతో పాటు తీసుకునే ప్రోటీన్ పౌడర్, ల్యూసిన్, క్రియాటిన్, విటమిన్ డి వంటివి అనుబంధ పోషకాలు. ఇవి భోజనానికీ వ్యాయామానికీ తోడే తప్ప బదులు కావు. శ్రీకాకుళం జిల్లా నరసన్నపేట ప్రాంతంలో వీటిని వాడేవారు కిడ్నీల స్థితినీ చూసుకోవాలి.

పేరు, లక్షణాలు

గ్రీకు భాషలో 'సార్క్స్' అంటే మాంసం, 'పీనియా' అంటే లేమి. అమెరికా శాస్త్రవేత్త ఇర్విన్ రోసెన్‌బర్గ్ 1989లో ఈ పేరును ప్రతిపాదించాడు. ముప్పై ఏళ్లు దాటాక పదేళ్లకు సుమారు 3–8 శాతం కండ తగ్గుతుంది. అరవై తర్వాత ఆ వేగం పెరుగుతుంది. మోకాళ్ల మీద చేతులు మోపి లేవడం, నడక మందగించడం, నీళ్ల బిందె ఎత్తలేకపోవడం, పిక్కలు సన్నబడటం దీని గుర్తులు. 2019 నాటి ఆసియా ప్రమాణాల ప్రకారం చేతి పట్టు పురుషులకు 28, స్త్రీలకు 18 కిలోల కంటే తగ్గినా, కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోవడానికి 12 సెకన్లు లేదా అంతకు మించి పట్టినా కండర క్షీణతను అనుమానించాలి.

ప్రోటీన్

భారత వైద్య పరిశోధన మండలి, హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో ప్రకటించిన ప్రమాణం ప్రకారం పెద్దలకు రోజుకు కిలో శరీర బరువుకు 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలి. వృద్ధుల కండరాలు ప్రోటీన్‌ను యువకుల కండరాలంత చురుగ్గా వినియోగించుకోలేవు. అందుకే ఆరోగ్యవంతులైన వృద్ధులకు 1.0–1.2 గ్రాములు మేలని అంతర్జాతీయ నిపుణుల బృందం 2013లో సూచించింది. కండ నిర్మాణాన్ని మొదలుపెట్టే అమైనో ఆమ్లం ల్యూసిన్. పాలవిరుగుడు తేట నుంచి తీసే వే ప్రోటీన్‌లో ఇది ఎక్కువ.

క్రియాటిన్

క్రియాటిన్ పరిశోధన వెనుక ఒక తెలుగువాడి కృషి ఉంది. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1927లో కండరాల్లో క్రియాటిన్ నుంచి ఏర్పడే ఫాస్ఫోక్రియాటిన్‌ను వెల్లడించాడు. కండరానికి క్షణాల్లో శక్తినందించే నిల్వ అదే. రోజుకు 3–5 గ్రాముల క్రియాటిన్, బరువులతో చేసే వ్యాయామానికి తోడైతే వృద్ధుల్లో కండబలం కొంత పెరుగుతుంది.

విటమిన్ డి

లోపం ఉన్నవారికే దీని ప్రయోజనం స్పష్టం. మోతాదు మించితే ప్రమాదం. ఆస్ట్రేలియాలో వృద్ధ మహిళలకు ఏడాదికోసారి 5 లక్షల యూనిట్లు ఇచ్చి చూస్తే, పడిపోవడాలూ ఎముకలు విరగడాలూ పెరిగాయని 2010లో తేలింది.

వ్యాయామం

బోస్టన్‌లో సగటున 87 ఏళ్ల వయసున్న 100 మంది బలహీన వృద్ధులపై జరిపిన అధ్యయనం 1994లో వెలువడింది. పది వారాలు బరువులతో వ్యాయామం చేసినవారి కండబలం రెట్టింపు దాటింది. వ్యాయామం లేకుండా పోషక పానీయం మాత్రమే తాగినవారికి మేలు జరగలేదు. కుర్చీలోంచి లేచి కూర్చోవడం, మెట్లెక్కడం, నీళ్లు నింపిన సీసాలు ఎత్తడం ఇంట్లోనే చేయదగ్గ సాధన.

స్థానిక ఆహారం

జిల్లాలోని వంశధార ఆయకట్టులో వరి కోశాక, మిగిలిన తేమ మీద పెసర, మినుము పండిస్తారు. పెసలు, ఉలవలు 100 గ్రాములకు సుమారు 22 గ్రాముల ప్రోటీన్ ఇస్తాయి. ఉలవచారుతో సరిపెట్టకుండా ఉడికిన ఉలవలనూ తినాలి. చోడి (రాగి) అంబలి కాల్షియం ఇస్తుంది గానీ ప్రోటీన్ తక్కువ. పక్కన గుడ్డో చేపో పప్పో ఉండాలి. రోజులో 250 గ్రాముల బియ్యం, 50 గ్రాముల పప్పు, రెండు గుడ్లు, పావు లీటరు పాలు కలిస్తే సుమారు 50 గ్రాముల ప్రోటీన్ అవుతుంది. 50 కిలోల మనిషికి ఇది సరిపోతుంది. పళ్లూడి నమలలేనివారికి, ఆకలి మందగించినవారికి, జబ్బుపడి లేచినవారికి పౌడర్ ఉపకరిస్తుంది.

ఉద్దానం, జాగ్రత్తలు

నరసన్నపేటకు ఈశాన్యంగా కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, వజ్రపుకొత్తూరు, మందస మండలాలున్న ఉద్దానం ప్రాంతంలో దీర్ఘకాలిక కిడ్నీ వ్యాధి విస్తరించింది. దీని కచ్చితమైన కారణం తేలలేదు. పలాసలో 2023 డిసెంబరులో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. ఈ వ్యాధి తొలిదశలో లక్షణాలేవీ పైకి కనిపించవు. దెబ్బతిన్న కిడ్నీలకు అధిక ప్రోటీన్ భారం. డయాలసిస్ చేయించుకునేవారికి మాత్రం ప్రోటీన్ ఎక్కువే కావాలి. కాబట్టి మోతాదు వైద్యుడే తేల్చాలి. క్రియాటిన్ వాడితే, కిడ్నీల పనితీరును సూచించే క్రియాటినిన్ రక్తంలో పెరిగినట్టు కనిపించి పరీక్ష ఫలితం తప్పుదారి పట్టించవచ్చు. ఆ సంగతి వైద్యుడికి ముందే చెప్పాలి.

అనుబంధ పోషకాల డబ్బాపై 14 అంకెల ఆహార లైసెన్సు సంఖ్య, వైద్య చికిత్సకు కాదన్న హెచ్చరిక ఉండాలి. ఈ జిల్లాలో పెద్దల కోసం ప్రోటీన్ డబ్బా కొనేముందు క్రియాటినిన్, మూత్ర పరీక్షలు చేయించడం తప్పనిసరి జాగ్రత్త.