రెండు సంతకాలు, ఒకే భూమి: ఆండ్రూ జాక్సన్ ఎవరి ప్రతినిధి?

1830 మే 28న అమెరికా ఏడవ అధ్యక్షుడు ఆండ్రూ జాక్సన్ ఒక చట్టం మీద సంతకం చేశాడు. మిసిసిపీ నదికి తూర్పున ఉన్న ఆదివాసి జాతులతో ఒప్పందాలు చేసుకుని, వారి భూములు తీసుకుని, బదులుగా నదికి పడమట భూములిచ్చి పంపించే అధికారం ఆ చట్టంతో అధ్యక్షుడికి దక్కింది. మరునాడు, మే 29న, మరో చట్టం వచ్చింది. ప్రభుత్వ భూమిలో పట్టా లేకుండా గుడిసె వేసుకుని అప్పటికే సాగు చేస్తున్న రైతు, ఆ నేల వేలానికి రాకముందే ఎకరా 1.25 డాలర్ల చొప్పున 160 ఎకరాల దాకా కొనుక్కోవచ్చు. చరిత్ర పుస్తకాలు ఈ రెండింటినీ ఒకే పుటలో చూపించడం అరుదు. మొదటిది జాక్సన్ మీద మచ్చగా ఒక అధ్యాయంలోకి, రెండోది సామాన్యుడి యుగానికి ఆనవాలుగా ఇంకో అధ్యాయంలోకి పోతాయి. రెండూ ఒకే అధ్యాయానికి చెందినవని ఈ వ్యాసం వాదన. జాక్సన్ సామాన్యులకు నిజంగా ప్రాతినిధ్యం వహించాడా అన్న ప్రశ్నకు జవాబు బ్యాంకులో కన్నా, బ్యాలెట్ పెట్టెలో కన్నా, భూమి దగ్గరే ఎక్కువగా దొరుకుతుంది.

పాత చర్చ సంగతి కొద్దిగా. ఆర్థర్ ష్లెసింజర్ జూనియర్ 1945లో ప్రచురించిన ‘ది ఏజ్ ఆఫ్ జాక్సన్’ తూర్పు తీర నగరాల కార్మికులను జాక్సన్ ఉద్యమానికి గుండెకాయగా నిలబెట్టింది. పులిట్జర్ బహుమతి పొందిన ఆ లావుపాటి గ్రంథంలో ఆదివాసుల తరలింపు ప్రస్తావన దాదాపు లేదు. 1960ల చివర ఎడ్వర్డ్ పెస్సెన్ ఎదురు వాదన లేవనెత్తాడు. ఆ కాలంలో సంపద, పదవి, పలుకుబడి అన్నీ పాత చేతుల్లోనే ఉన్నాయనీ, సామాన్యుడి యుగం అన్నది పేరుకు మాత్రమేననీ చూపించాడు. ఒకరు సమర్థకుడు, మరొకరు విమర్శకుడు. అయినా ఇద్దరూ తూచింది ఒకే తక్కెడలో, డబ్బున్నవాడా లేనివాడా అన్న లెక్కతోనే. అప్పటి అమెరికాలో ఓటున్న సామాన్యుడు అన్నిటికన్నా ఎక్కువగా కోరుకున్నది నేల అన్న సంగతి ఆ తూకంలో తేలిపోయింది.

ఓట్ల విషయం చూద్దాం. 1824లో జాక్సన్‌కు 99 ఎలక్టోరల్ ఓట్లు, జాన్ క్విన్సీ ఆడమ్స్‌కు 84. ఎవరికీ మెజారిటీ రాలేదు కనుక తీర్పు ప్రతినిధుల సభకు వెళ్లింది. సభ ఆడమ్స్‌ను ఎన్నుకుంది. తనను బలపరిచిన హెన్రీ క్లేను ఆడమ్స్ విదేశాంగ మంత్రిని చేయడంతో, ఇదంతా చీకటి బేరమని జాక్సన్ వర్గం నాలుగేళ్లపాటు ఊరూరా చాటింది. 1824లో మొత్తం పోలైన ఓట్లు మూడున్నర లక్షల పైచిలుకు. 1828లో అవి పదకొండు లక్షలు దాటాయి. జాక్సన్ 178–83 తేడాతో గెలిచాడు. ఇంతమంది మునుపెన్నడూ ఓటు వేయలేదు, ఆ మేరకు ఆయన జనం ఎన్నుకున్న మనిషే. అయితే ఆ తలుపు తెరిచింది ఆయన కాదు. ఆస్తి ఉంటేనే ఓటు అన్న నియమాన్ని మేరీలాండ్ 1802లోనే శ్వేతజాతి పురుషులకు తీసేసింది. న్యూయార్క్ 1821లో అదే పని చేస్తూ, నల్లవారికి మాత్రం 250 డాలర్ల ఆస్తి నిబంధన అలాగే ఉంచింది. 1824లో ఆరు రాష్ట్రాల్లో ఎలక్టర్లను శాసనసభలే ఎంపిక చేశాయి, 1828 నాటికి అలాంటివి రెండే మిగిలాయి. తన కోడీ కుంపటీ లేకపోతే ఊరికి తెల్లవారదనుకున్న ముసలమ్మ కథ మనకు తెలిసిందే. ఓటు హక్కు విస్తరణను జాక్సన్ ఖాతాలో వేసేవారి వాదన అలాంటిదే.

ఆయన సొంత రాష్ట్రం టెనెసీ ఇంకా స్పష్టంగా చూపిస్తుంది. 1796 నాటి రాజ్యాంగం ప్రకారం శాసనసభ్యుడికి 200 ఎకరాలు, గవర్నరుకు 500 ఎకరాలు సొంత భూమి ఉండాలి. ఓటు మాత్రం స్వతంత్రుడైన ప్రతి పురుషుడిదీ, రంగు మాట లేదు. జాక్సన్ అధ్యక్షుడిగా ఉన్న 1834లో రాష్ట్రం కొత్త రాజ్యాంగం రాసుకుంది. భూమి నిబంధనలు పోయాయి, ఓటరు ముందు ‘శ్వేత’ అన్న విశేషణం వచ్చి కూర్చుంది. పేద తెల్లవాడికి పదవి దారి తెరిచిన పత్రమే స్వతంత్రుడైన నల్లవాడి ఓటును తుడిచేసింది.

ఇక భూమి. క్రీక్ జాతిలో ఒక వర్గంతో జరిగిన యుద్ధం 1814లో ముగిశాక, సేనానిగా జాక్సన్ రాయించిన ఒప్పందంలో సుమారు 2.3 కోట్ల ఎకరాలు అమెరికా పరమయ్యాయి. ఆ నేలలో కొంత, ఆ యుద్ధంలో జాక్సన్ పక్షాన పోరాడిన క్రీకులది. మిత్రుడని చూడలేదు, శత్రువని చూడలేదు. అలబామా పత్తి నేలలు అలా తెరుచుకున్నాయి. 1828లో దక్షిణాది పల్లెల్లో ఆయనకు పడ్డ ఓట్లను అర్థం చేసుకోవాలంటే న్యూ ఆర్లియన్స్‌లో బ్రిటిష్ సేన మీద ఆయన సాధించిన విజయం ఒక్కటే చాలదు, ఈ ఒప్పందాన్నీ లెక్కలోకి తీసుకోవాలి.

జార్జియాలో జరిగింది మరీ దగ్గర నుంచి చూడదగ్గది. 1832 అక్టోబరులో ఆ రాష్ట్ర రాజధాని మిల్లెడ్జ్‌విల్‌లో లాటరీ మొదలైంది. ఒక పీపాలోంచి మనిషి పేరున్న చీటీ, మరో పీపాలోంచి భూమి నంబరు చీటీ. సాగు నేలైతే 160 ఎకరాలు, బంగారం దొరికే చోటైతే 40 ఎకరాలు. నిర్ణీత కాలం రాష్ట్రంలో నివసించిన తెల్లవాడైతే చాలు, చీటీలో పేరు వేయించుకోవచ్చు. పెళ్లయినవాడికి రెండు అవకాశాలు, వితంతువులకూ అనాథలకూ వాటా. ఇంత సమానంగా భూమి పంచిన పద్ధతి ఆనాటి ప్రపంచంలో అరుదు. పంచుతున్నది మాత్రం చెరోకీల భూమి. వాళ్లు అప్పటికి అక్కడే ఉన్నారు, ఇళ్లలో పొయ్యిలు వెలుగుతూనే ఉన్నాయి. వాళ్లను పంపించే ఒప్పందం మీద సంతకాలు పడింది మూడేళ్ల తర్వాత, 1835 డిసెంబరులో. అదీ జాతి ప్రభుత్వాన్ని కాదని, ఒక చిన్న వర్గంతో. చెరోకీ ప్రధాన నాయకుడు జాన్ రాస్ 1835 వసంతంలో వాషింగ్టన్ నుంచి ఇంటికి తిరిగి వచ్చేసరికి, లాటరీలో ఆ ఇల్లు గెలుచుకున్నవాడు లోపల కాపురం పెట్టాడు. రాస్ కుటుంబాన్ని అప్పటికే బయటికి పంపేశారు. జార్జియా చట్టాలు చెరోకీ నేల మీద చెల్లవని సుప్రీంకోర్టు 1832లో తీర్పు ఇచ్చినా జాక్సన్ దాన్ని నిలబెట్టే ప్రయత్నం చేయలేదు. 1838లో, ఆయన వారసుడు వాన్ బ్యూరెన్ హయాంలో, సైన్యం తరలింపు పూర్తి చేసింది. సుమారు 16,000 మందిలో 4,000 మంది చనిపోయారన్నది సాధారణంగా ఒప్పుకునే అంచనా.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఓటున్న సామాన్యులందరూ ఇదే కోరారని చెప్పలేం. తరలింపు బిల్లు ప్రతినిధుల సభలో 102–97తో గట్టెక్కింది. ఉత్తరాది పట్టణాల నుంచి వ్యతిరేక అర్జీలు వెల్లువెత్తాయి, ఓటు లేని స్త్రీలు సైతం సంతకాలు సేకరించి పంపారు. బానిసల తలలను అయిదింట మూడు వంతులుగా లెక్కగట్టి దక్షిణాదికి ఇచ్చిన అదనపు స్థానాలు లేకుంటే ఆ అయిదు ఓట్ల ఆధిక్యం నిలిచేది కాదు. తమవి కాని తలల లెక్కతో వచ్చిన ఓట్లే తమవి కాని నేలను తెచ్చిపెట్టాయి.

టెనెసీ నుంచి ఆ బిల్లును ఎదిరించిన సభ్యుడు డేవీ క్రాకెట్. నిజానికి ఆ సభలో సామాన్యుడన్న పేరుకు తగినవాడు ఈయనే. వేటగాడు, అప్పులపాలైన రైతు, పశ్చిమ టెనెసీలో పట్టా లేని సాగుదార్ల మధ్య బతికినవాడు. వాళ్లకు నేల ఇప్పించడానికి ఏళ్ల తరబడి బిల్లు మోశాడు. జాక్సన్ వర్గంవారే, జేమ్స్ పోక్‌తో సహా, దానికి అడ్డుపడ్డారు. 1831 ఎన్నికల్లో ఆయన ఓడిపోయాడు. నన్నడిగితే, ప్రాతినిధ్యం గురించి జాక్సన్ జీవిత చరిత్రలు చెప్పేదాని కన్నా ఈ ఒక్క ఓటమి చెప్పేది ఎక్కువ. పేదల భూమి కోసం కొట్లాడిన పేదవాణ్ని కాదని, ఆ నియోజకవర్గం జాక్సన్ మనిషినే గెలిపించింది.

తెరిచిన నేల చివరికి ఎవరికి దక్కింది? 1834లో ప్రభుత్వం అమ్మినది సుమారు 46 లక్షల ఎకరాలు, 1836లో సుమారు రెండు కోట్లు. వేలంలో అప్పు తెచ్చి పాడుకున్న వ్యాపారులదే పైచేయి. అలబామా, మిసిసిపీల్లో మేలైన నేలలు బానిసలున్న పత్తి ఎస్టేట్లయ్యాయి. గుడిసె వేసుకున్న రైతుకు కొండవాలో, చిత్తడి అంచో మిగిలింది. అయినా అతను జాక్సన్‌కే ఓటు వేశాడు. అతన్ని వెర్రివాడనడం నాకు సమ్మతం కాదు. దక్కింది తక్కువే అయినా దక్కింది కదా. ఇంతకు ముందు ఏ అధ్యక్షుడు ఆ మాత్రం ఇచ్చాడు?

బ్యాంకు పోరాటం గురించి చాలామంది చాలా రాశారు కనుక క్లుప్తంగా చెబుతాను. 1832 జులై 10న రెండవ జాతీయ బ్యాంకు బిల్లును వీటో చేస్తూ ఇచ్చిన సందేశం, ప్రభుత్వాన్ని ధనికులు తమ స్వార్థానికి వంచుకుంటున్నారని సూటిగా అన్న మొదటి అధ్యక్ష పత్రాల్లో ఒకటి. దాని బలాన్ని కాదనలేం. అయితే ప్రభుత్వ డబ్బు ఆ తర్వాత జాక్సన్‌కు నచ్చిన రాష్ట్ర బ్యాంకుల్లోకి వెళ్లింది. అవి విచ్చలవిడిగా నోట్లు అచ్చేశాయి, 1837లో సంక్షోభం వచ్చింది. ప్రభుత్వ పదవులు కొందరి సొత్తు కాకుండా చేతులు మారాలన్న ఆయన విధానం కథా అంతే. ఆయన నియమించిన పై అధికారుల కుటుంబ నేపథ్యాలు రెండవ, మూడవ అధ్యక్షులు జాన్ ఆడమ్స్, జెఫర్సన్‌ల కాలం వారికన్నా పెద్దగా భిన్నం కావని సిడ్నీ ఆరన్సన్ 1964లో లెక్కగట్టాడు. కార్మికుల పట్ల ఆయన తీరు రెండు నాల్కలది. 1836లో ఫిలడెల్ఫియా నౌకా కేంద్రంలో పది గంటల పనిదినం మంజూరు చేశాడు. రెండేళ్ల ముందు చెసపీక్–ఒహాయో కాలువ తవ్వకంలో కూలీల గొడవ అణచడానికి ఫెడరల్ సైన్యాన్ని పంపిందీ ఆయనే.

జాక్సన్ పుట్టుకతో పేదవాడే. తండ్రి ఆయన పుట్టకముందే పోయాడు, పద్నాలుగేళ్లకు తల్లీ పోయింది. 1804లో నాష్‌విల్ దగ్గర హెర్మిటేజ్ ఎస్టేటు కొన్నాడు. అదే ఏడాది పారిపోయిన ఒక బానిస కోసం పత్రికలో వేయించిన ప్రకటనలో, పట్టిస్తే 50 డాలర్లు ఇస్తానన్నాడు. కొరడా దెబ్బలు కొడితే ప్రతి వందకూ పది డాలర్లు అదనం, మూడు వందల దాకా. ప్రజల మనిషి అన్న బొమ్మ ఈ మనిషి మీద ఎలా అంటుకుందో చూడాలంటే 1837 ఫిబ్రవరి 22న అధ్యక్ష భవనానికి వెళ్లాలి. న్యూయార్క్ నుంచి ఒక పాడిరైతు కానుకగా పంపిన 1,400 పౌండ్ల జున్నుగడ్డను ఆ రోజు జనానికి వదిలేశారు. రెండు గంటల్లో అది ఖాళీ.

పది రోజుల తర్వాత, మార్చి 4న, వీడ్కోలు సందేశం వెలువడింది. ఐదేళ్ల నాటి వీటో సందేశాన్ని పక్కన పెట్టి చదివితే ఒక తేడా తగులుతుంది. 1832లో ధనికుల వల్ల నష్టపోతున్న చిన్నవారిగా ఆయన పేర్కొన్నది ముగ్గురిని: రైతు, చేతిపనివాడు, కూలి. 1837లో స్వశక్తితో బతికే అసలైన జనం నలుగురయ్యారు. ఆ ముగ్గురికి ముందు, వరుసలో మొట్టమొదట, ఎస్టేటు యజమాని వచ్చి చేరాడు. ఆ సందేశం ఇచ్చి జాక్సన్ హెర్మిటేజ్‌కు తిరిగి వెళ్లాడు. 1845లో ఆయన చనిపోయేనాటికి అక్కడ పత్తి తీస్తున్న బానిసలు సుమారు నూట యాభై మంది.