గోపాలపురం రేవులో వేట తెలుగు

బరంపురానికి సుమారు పదహారు కిలోమీటర్ల దూరాన, బంగాళాఖాతపు ఒడ్డున, గోపాల్‌పూర్ అనే చిన్న ఊరు ఉన్నది. మనవాళ్ళు గోపాలపురమంటారు. పటంలో అది ఒడిశా రాష్ట్రం, గంజాం జిల్లా. బడి పలక మీద, బస్సు నుదుట, దుకాణం ముంగిట ఒడియా అక్షరాలే. కాని విడిది గృహాల వరుసను వదలి బెస్తవాడలో అడుగుపెడితే చెవిని సోకేది తెలుగు. గంగమ్మను తలచుకొనే తెలుగు, వల లాగే తెలుగు.

ఈ తెలుగు అక్కడికి ఎలా వచ్చినదని అడిగేకంటే, సరిహద్దు అక్కడికి ఎప్పుడు వచ్చినదని అడగడం ఉచితం. మదరాసు రాజధానిలో గంజాం జిల్లా చిరకాలం తెలుగు, ఒడియా భాషలు కలిసి మెలిగిన నేల. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినప్పుడు బరంపురం, గోపాలపురం, పర్లాకిమిడి అటు చేరాయి. ఇచ్ఛాపురం, సోంపేట, టెక్కలి ఇటు మిగిలాయి. అధికారులు భూమి మీద గీత గీయగలిగారు గాని నీటి మీద గీయలేకపోయారు. వాడబలిజలు, జాలరులు చేపల వెంట తీరం పొడవునా ఉత్తరంగా సాగుతూనే వచ్చారు. పూరీ సముద్రతీరంలోని పెంటకోట వారి పెద్ద వాడ. అదే పేరుగల పల్లె పాయకరావుపేట దగ్గర మన తీరానా ఉన్నది. ఒడియాలో వీరిని నోళియాలంటారు. పూరీలో యాత్రికుల చేయి పట్టుకొని అలల్లో స్నానం చేయించే కోసుటోపీల వారు వీరే.

గోపాలపురం ఒకప్పుడు గొప్ప రేవు. పొగఓడలు ఒడ్డుకు రాలేక దూరాన లంగరు వేసేవి. ఓడకూ ఒడ్డుకూ నడుమ మనుషులను, సరుకులను చేరవేసినవి మసులా పడవలు. మేకు అన్నది లేకుండా, పలకలను కొబ్బరి తాటితో కుట్టిన పడవలవి. అల విసరికొడితే వంగుతాయే గాని విరగవు. ఈ రేవు నుండి, కళింగపట్నం, భీమునిపట్నం, కాకినాడ రేవుల నుండి వేలాది తెలుగు కూలీలు రంగూనుకు ఓడలెక్కారు. కోరంగి రేవు పేరిట బర్మాలో వారిని కోరంగీలని పిలిచారు. 1942లో బర్మా జపాను వశం కావడంతో ఆ రాకపోకలు తెగిపోయాయి. రేవు మూగవోయింది. పడవ నడిపిన వారు మాత్రం తమ మాటతో సహా అక్కడే మిగిలారు.

ఈ సందర్భంలో చాలా దూరపు తీరమొకటి జ్ఞప్తికి వస్తున్నది. బరంపురంలో 1894 ఆగస్టు 10న జన్మించి, తరువాత రాష్ట్రపతి పదవిని అలంకరించిన వరాహగిరి వేంకటగిరి, న్యాయశాస్త్రం చదవడానికి 1913లో ఐర్లండులోని డబ్లిన్ నగరానికి వెళ్ళారు. 1916 నాటి ఐరిష్ తిరుగుబాటు అనంతరం ఆ దేశం విడిచి రావలసి వచ్చింది. తిరుగుబాటు నాయకులలో ఒకరైన థామస్ మెక్‌డొనా ఆయన చదివిన కళాశాలలోనే అధ్యాపకులు. ఆ నాయకులలో పలువురు స్వాతంత్ర్యంతో బాటు తమ భాషను కూడా కోరుకొన్నవారు.

అప్పటికి ఆ భాష స్థితి దయనీయం. 1845 నుండి సాగిన మహాక్షామంలో సుమారు పది లక్షలమంది మరణించారు, ఇంచుమించు అంతమంది దేశం విడిచారు. ఐరిష్ మాట్లాడే పడమటి పల్లెలే ఎక్కువగా నష్టపోయాయి. చివరకు ఆ భాష ప్రధానంగా సముద్రపు అంచునున్న పేదపల్లెల్లో మిగిలింది. 1937 రాజ్యాంగం దానిని ప్రథమ అధికార భాష చేసింది. అయినను, ఆ భాషకు పుట్టిల్లు వంటి గ్రేట్ బ్లాస్కెట్ దీవి నుండి 1953లో చివరి నివాసులను ఒడ్డుకు తరలించవలసి వచ్చింది. యువకులు వలస పోయారు, పడవ లాగే చేతులు కరవయ్యాయి. చట్టమున్నది, బ్రతుకుతెరువు లేదు.

గోపాలపురంలో ఇందుకు విపర్యయం. చట్టం ఆదుకోలేదు, వృత్తి ఆదుకొన్నది. భాషాపరంగా అల్పసంఖ్యాకులైన వారి పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో అందేందుకు తగిన వసతులు కల్పించడానికి ప్రయత్నించాలని రాజ్యాంగం 350ఎ అధికరణం చెబుతున్నది. వాడలో నేను పలకరించిన పిల్లలకు తెలుగు అక్షరం రాదు. వల బాగుచేస్తున్న వృద్ధుడొకరు, "మీదే ఊరు బాబూ?" అన్నారు. హైదరాబాదులో అడిక్‌మెట్ అన్నాను. "ఆ ఊరికి సంద్రముందా?" అని అడిగి, లేదనగానే జాలిపడ్డారు. పిల్లల చదువు సంగతి అడిగితే వారన్న మాట ఇది: "సదువు ఒడియాలో గాని, ఏట తెలుగులోనే బాబూ." ఏట అంటే వేట, చేపల వేట. వంజరం, చందువ, కవళ్ళు, నెత్తళ్ళు, కానాగంతలు అంటూ చేపల పేర్లు వల్లించారు. వాటిలో ఒక్కటీ పిల్లల పాఠ్యపుస్తకంలో తెలుగున కనబడదు.

కాని వేట కూడా మారుతున్నది. తెప్పల స్థానంలో ఫైబరు పడవలు, తెడ్డు స్థానంలో యంత్రం వచ్చాయి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను తీరం దాటినది గోపాలపురం దగ్గరే. గంజాం యువకులు ఉపాధికై సూరత్ వరకు పోతున్నారు. వేట వదిలితే వేట మాట నిలవదు. దానికి వేరే ఆధారం లేదు.

బ్లాస్కెట్ దీవిలో టొమాస్ ఓ క్రోహన్ అనే జాలరి ఉండేవాడు. బడిలో ఆయనకు నేర్పినది ఆంగ్లం. సొంత భాష చదవడం పెద్దయ్యాక నేర్చుకొన్నాడు. 1907లో నార్వే నుండి కార్ల్ మార్‌స్ట్రాండర్ అనే భాషావేత్త వచ్చి ఆయన వద్ద శిష్యుడై కూర్చున్నాడు. తరువాత వచ్చిన మరో మిత్రుడు వ్రాయమని ప్రోత్సహించాడు. 1929లో వెలువడిన ఆయన ఆత్మకథ ఈనాటికీ ఐరిష్ సాహిత్యంలో గౌరవ గ్రంథం. దీవి ఖాళీ అయింది, మాట మిగిలింది.

అటువంటి పని మనకు కొత్త కాదు. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారు సవరల భాష నేర్చి, దానికి వాచకాలు, నిఘంటువు కూర్చారు. 1936లో పర్లాకిమిడి ఒరిస్సాలో చేరగానే ఆ ఊరు విడిచి రాజమహేంద్రవరం వచ్చేశారు. మా అడిక్‌మెట్‌ను ఆనుకొనియున్న ఉస్మానియా విశ్వవిద్యాలయంలో ఆచార్యులుగా పనిచేసిన భద్రిరాజు కృష్ణమూర్తిగారు, ఊరూరా సేకరించిన వ్యవసాయ పదాలతో మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటాన్ని 1962లో వెలువరించారు. నాగలిలోని ప్రతి భాగానికీ ప్రాంతానికొక పేరు అందులో దొరుకుతుంది. తెప్పకు, వలకు, అలకు, గాలికి సరిహద్దు అవతలి మన జాలరులు పెట్టుకొన్న పేర్లకు కూడా ఆ భాగ్యం దక్కాలి.

మిత్రులారా, మీలో పూరీ యాత్రకు పోయేవారున్నారు, బరంపురంలో బంధువులున్నవారున్నారు. దర్శనమైన తరువాత ఒక్క పూట బెస్తవాడలో గడపండి. సంచార దూరవాణిలోనే శబ్దగ్రాహకమున్న రోజులివి. ఆ పెద్దల చెంత కూర్చొని, ఏ చేపను ఏమంటారో, ఏ గాలిని ఏమంటారో అడిగి, వారి గొంతుతోనే భద్రపరచండి. వారు చెప్పడానికి సిద్ధంగా ఉన్నారు. ఇన్నేళ్ళుగా ఎవరూ అడగలేదు, అంతే.