కలప లేని వుడ్

గోల్ఫ్‌లో బంతిని ఎక్కువ దూరం పంపే పెద్ద తల క్లబ్బు పేరు వుడ్, అంటే కలప. నేటి వుడ్‌లో కలప ఊసే ఉండదు. తల టైటానియంతోనో, ఉక్కుతోనో, కార్బన్ ఫైబర్‌తోనో చేస్తారు. ఒకప్పుడు దాన్ని అమెరికా పెర్సిమన్ చెట్టు మొద్దులోంచి చెక్కేవారు. బీడీలు చుట్టే ఆకునిచ్చే మన తునికి ఆ చెట్టుకు దాయాదే. 1979లో టేలర్‌మేడ్ సంస్థ తెచ్చిన ఉక్కు వుడ్‌కు ‘పిట్స్‌బర్గ్ పెర్సిమన్’ అన్న పేరు వచ్చింది. పిట్స్‌బర్గ్ ఉక్కు నగరం మరి!

వుడ్‌లకు అంకెలు రాకముందు ముద్దుపేర్లుండేవి. అడుగున ఇత్తడి రేకు ఉన్నది బ్రాసీ, ముఖం కాస్త గుంటగా ఉన్నది స్పూన్. ఇప్పుడు 1వ నంబరు డ్రైవర్. 3, 5 నంబర్లు గడ్డి మీద నుంచి కొట్టే ఫెయిర్‌వే వుడ్‌లు. వీటి ముఖం వాలు సుమారు 15, 18 డిగ్రీలు. వాలు ఎక్కువైతే బంతి సులువుగా లేస్తుంది కనుక, నెమ్మదిగా ఊపేవారికి మూడుకన్నా అయిదే నయం. డ్రైవర్ తల 460 ఘన సెంటీమీటర్లు దాటకూడదన్నది నియమం. కొత్త మోడల్ అంతకుమించి పెరగలేదు. ధర తగ్గిన నిరుటిదాన్ని కొన్నా పెద్దగా పోయేదేమీ లేదు.