ఆన్‌లైన్ వేలంలో గెలిచి డబ్బు కట్టకపోతే ఏమవుతుంది? ఫ్లాట్ కొనేవాళ్లు ఈ రూల్ తెలుసుకోవాల్సిందే

సైదాబాద్, దిల్‌సుఖ్‌నగర్ వైపు ఫ్లాట్ కోసం వెతికేవాళ్లకు బ్యాంకు ఈ-వేలం ప్రకటన కంటపడితే ఆశ పుడుతుంది. లోన్ కట్టనివాళ్ల ఆస్తిని సర్ఫేసీ చట్టం కింద బ్యాంకు అమ్మేస్తుంటే, బయటి రేటు కన్నా తక్కువకే రావొచ్చని అనుకుంటారు. ఫోన్‌లోనే పాట పాడేయొచ్చు. కానీ గెలిచాక డబ్బు సర్దుబాటు కాకపోతే మాత్రం కథ అడ్డం తిరుగుతుంది.

రూల్ ఏం చెబుతోంది?

2002 నాటి సెక్యూరిటీ ఇంట్రెస్ట్ రూల్స్‌లో తొమ్మిదో రూల్ ఇది. పాట గెలిచినవాళ్లు అదే రోజు, లేదంటే మరుసటి పనిదినంలోపు మొత్తం ధరలో 25 శాతం కట్టాలి. ముందుగా పెట్టిన ధరావతు ఇందులోనే కలుస్తుంది. మిగతా 75 శాతానికి వేలం ఖరారైన నాటి నుంచి 15 రోజులే గడువు. బ్యాంకు రాతపూర్వకంగా ఒప్పుకుంటే పొడిగించొచ్చు. అదైనా మూడు నెలలు దాటకూడదు.

అంటే 60 లక్షలకు ఫ్లాట్ పాడితే రెండు రోజుల్లో 15 లక్షలు, ఆ తర్వాత 45 లక్షలు. కట్టలేకపోతే? ఆ 15 లక్షలు బ్యాంకు జప్తు చేసుకుంటుంది. ఫ్లాట్‌ను మళ్లీ వేలం వేస్తుంది. రెండోసారి ఎక్కువ ధర పలికినా మొదటివాళ్లకు అందులో పైసా హక్కు ఉండదు.

కోర్టుకెళ్తే తిరిగి రాదా అంటే, తమిళనాడులో ఒకరు వెళ్లారు. సెంట్రల్ బ్యాంక్ ఆఫ్ ఇండియా వేలంలో 12.27 కోట్లకు ఆస్తి పాడి, 25 శాతం కింద 3 కోట్లకు పైగా కట్టారు. మిగతాది గడువులోగా తేలేకపోయారు. బ్యాంకు అదే ఆస్తిని తర్వాత 14.76 కోట్లకు అమ్ముకుంది. బ్యాంకుకు నష్టమే రానప్పుడు నా డబ్బు ఎందుకు ఆపుతారన్నది ఆయన వాదన. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ 2024 ఫిబ్రవరి 2న సుప్రీంకోర్టు బ్యాంకు వైపే తీర్పిచ్చింది. మొత్తం 25 శాతం జప్తు చేయడం చెల్లుతుందని తేల్చింది. పాడి వదిలేసేవాళ్లను ఊరికే పోనిస్తే వేలం అన్నమాటకే విలువ ఉండదన్నది కోర్టు ఆలోచన.

అందుకే లోన్ సంగతి పాట పాడకముందే తేల్చుకోవాలి. టైటిల్ కాగితాలు, లీగల్ ఒపీనియన్, వాల్యుయేషన్ అన్నీ అయ్యి 15 రోజుల్లో చెక్కు చేతికి రావడం కష్టం. ‘చూద్దాంలే’ అనుకుని పాడొద్దు. ఆస్తిపన్ను, అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ బకాయిలు ఎవరి నెత్తిన పడతాయో కూడా వేలం నోటీసులో చదవాలి.

ధరావతు తక్కువైతే ఇలా ఉంటుంది

2025 నవంబర్‌లో హర్యానాలో హెచ్‌ఆర్ 88 బి 8888 అనే ఫ్యాన్సీ నంబర్ ఆన్‌లైన్ వేలంలో 1.17 కోట్లు పలికింది. దేశమంతా వార్త అయింది. గడువు దాటినా పాడినాయన డబ్బు కట్టలేదు. ఆయనకు పోయింది పది వేల పైచిలుకు డిపాజిట్ మాత్రమే!

మన బాలాపూర్ లడ్డూ వేలం చూడండి. 1994లో 450 రూపాయలతో మొదలై 2024లో 30 లక్షలు దాటింది. ఆ ఏడాది పాట పాడాలంటే కిందటేడు ధర 27 లక్షలు ముందే డిపాజిట్ చేయాలన్నారు, స్థానికులైనా సరే. ఆన్‌లైన్ కాకపోయినా పద్ధతి మాత్రం గట్టిది.

మీరే అమ్మేవాళ్లయితే?

బైకో, పాత టీవీయో ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టారు, ఒకాయన ఖాయం చేసుకుని డబ్బు ఇవ్వడం లేదు. అప్పు ఒప్పుకోనంతవరకు డబ్బు అందేదాకా వస్తువు ఆపుకునే హక్కు 1930 నాటి వస్తు విక్రయ చట్టం మీకిస్తోంది. ఫలానా తేదీలోగా కట్టకపోతే వేరేవాళ్లకు అమ్మేస్తానని ముందు నోటీసు ఇవ్వండి. అది సరైన గడువే అయి ఉండాలి. ఆ తర్వాత తక్కువకు అమ్మాల్సి వస్తే తేడా అతని నుంచి అడగొచ్చు. నోటీసు లేకుండా అమ్మితే నష్టం అడగలేరు, పైగా లాభం వస్తే అది అతనికే చెందుతుంది! ఈబేలో అయితే నాలుగు రోజులు చూసి ఆర్డర్ రద్దు చేసి, తర్వాతి పాటదారుకు అదే వస్తువు ఆఫర్ చేయొచ్చు.

ఇక ‘డబ్బు పంపేశా, స్క్రీన్‌షాట్ చూడండి’ అనే రకం ఉంటారు. స్క్రీన్‌షాట్ కాదు, మీ బ్యాంకు ఖాతా చూసుకోండి. ‘డబ్బు రావాలంటే ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి’ అంటే వెంటనే ఫోన్ పెట్టేయండి. యూపీఐలో పిన్ కొట్టేది డబ్బు పంపడానికే, తీసుకోవడానికి కాదు. డబ్బు పోయిందని తెలిసిన క్షణమే సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయాలి. దాని నంబర్ కూడా 1930 కావడం విచిత్రం.