సంస్కారం, సంస్కరణ

‘సంస్కారం’, ‘సంస్కరణ’ అనే మాటలు రెండూ ‘సమ్’ అనే ఉపసర్గ, అంటే ధాతువుకు ముందు చేరి అర్థాన్ని మలిచే పదం, ‘చేయడం’ అనే అర్థమిచ్చే ‘కృ’ ధాతువుతో కలవగా ఏర్పడ్డాయి. అలంకరించడం అనే అర్థంలో ఆ రెంటి నడుమ సకారం చేరుతుందని సంస్కృత వ్యాకరణకర్త పాణిని సూత్రీకరించాడు. నామకరణం, ఉపనయనం వంటి కర్మలకు పేరైన సంస్కారం క్రమంగా మనిషి నడవడిలోని మెరుగునూ సూచించగా, సంస్కరణ లోకాచారాలను సరిదిద్దడమనే అర్థంలో స్థిరపడింది. ఉదాహరణకు, వితంతు వివాహాన్ని చట్టం 1856లోనే అనుమతించినా, సంఘసంస్కర్త కందుకూరి వీరేశలింగం రాజమహేంద్రవరంలో అలాంటి తొలి పెళ్లి జరిపించింది 1881 డిసెంబరు 11న. అప్పటికీ ఆయన పక్షాన నిలిచినవారికి వెలి తప్పలేదు. సంస్కరణ దారి తెరవగలదు గాని, ఆ దారిన నడిచే సంస్కారాన్ని ఎవరికి వారు అలవరచుకోవలసిందే.