విశాఖ తీరం: జలాంతర్గామి, ఇసుక

విశాఖపట్నం ఆర్‌కే బీచ్ రోడ్డు నేటి రూపం చాలావరకు గత మూడు దశాబ్దాల్లో వచ్చిందే. 1971 యుద్ధ విజయానికి గుర్తుగా 1996లో ‘విక్టరీ ఎట్ సీ’ స్తూపం వెలిసింది. అసలు మలుపు మాత్రం ఐఎన్‌ఎస్ కురుసుర. సోవియట్ యూనియన్‌లో తయారై 1969లో నౌకాదళంలో చేరిన ఈ జలాంతర్గామి 2001లో విధుల నుంచి తప్పుకుంది. తొంభై మీటర్లకు పైగా పొడవున్న ఆ ఉక్కు దేహాన్ని ఇసుక మీదికి లాగి, 2002 ఆగస్టులో మ్యూజియంగా తెరిచారు. లోపల ఒక గదిలోంచి మరో గదిలోకి పోవాలంటే గుండ్రటి కంతలో నడుం వంచి దూరాల్సిందే. పాత ఇనుముగా అమ్మేయకపోవడం నగరానికి కలిసొచ్చింది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ తీరాన్ని చిందరవందర చేసింది. 2017లో జలాంతర్గామికి ఎదురుగా టీయూ-142 విమాన మ్యూజియం చేరింది.

హంగులకన్నా కష్టమైనది ఇసుకను నిలపడం. ఏడాది మొత్తమ్మీద ఇక్కడి అలలు ఇసుకను ఉత్తరానికి నెడతాయి. 1970ల్లో కట్టిన ఔటర్ హార్బర్ అడ్డుగోడలు దాన్ని బీచ్‌కు చేరకుండా దక్షిణానే ఆపేశాయి. అందుకే పోర్టు దగ్గర తవ్విన ఇసుకను తెచ్చి బీచ్‌లో పోస్తున్నారు.