గచ్చు కింది గాలి

డిసెంబరు నెల, ఉదయం ఎనిమిది గంటలు. కాలిఫోర్నియాలోని మౌంటెన్ వ్యూలో, విస్మన్ రోడ్డుకు దగ్గర్లో ఒక తెలుగువాళ్ళ ఇంటి ముందు ఉన్నారు మీరు. గుమ్మంలో చిన్న ముగ్గు. వీధి చివర సాఫ్ట్‌వేర్ ఆఫీసుల అద్దాలు మెరుస్తున్నాయి. ఒకప్పుడు ఈ చుట్టుపక్కల చిప్పుల ఫ్యాక్టరీలుండేవి. ఫెయిర్‌చైల్డ్, రేథియాన్, ఇంటెల్ వంటి కంపెనీలు ఇక్కడ పనిచేశాయి. చిప్పుల తయారీలో జిడ్డు వదిలించడానికి ట్రైక్లోరోఎథిలీన్ వాడేవారు. దాన్నే పొట్టిగా టీసీఈ అంటారు. ట్యాంకుల్లోంచి, గొట్టాల్లోంచి కారి అది మట్టిలోకి, భూగర్భజలంలోకి దిగింది. 1980ల మొదట్లో సంగతి బయటపడింది. అప్పట్నుంచీ నీటిని తోడి శుద్ధి చేస్తూనే ఉన్నారు. కానీ టీసీఈ నీళ్ళలో కుదురుగా ఉండదు. ఆవిరై మట్టి సందుల్లోంచి పైకి పాకుతుంది. పైన ఇల్లుంటే ఇంట్లోకే వస్తుంది. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ 2010లో ఇక్కడి శుద్ధి ప్రణాళికను సవరించి, ఈ ఆవిరికీ చికిత్స చేర్చింది.

తలుపు తీయగానే మీ ముక్కుకు ఏ వాసనా తగలదు. ప్రమాదమూ అక్కడే ఉంది. ఇళ్ళలోకి చేరే మోతాదులో టీసీఈని ముక్కు పట్టలేదు.

ఈ ఇంటి గాలిని పరీక్షిస్తున్న ఫీల్డ్ ఇంజినీరు ఒక తెలుగమ్మాయి. కొన్ని రోజుల కిందటే వచ్చి ఇల్లంతా చూసి, కొన్ని వస్తువులు బయటికి పంపించేసింది. బీరువాలోని కలరా ఉండలు, గోళ్ళ రంగు చెరిపే సీసా, గ్యారేజీలోని రంగు డబ్బాలు, హైదరాబాద్‌లో డ్రైక్లీనింగ్ చేయించి తెచ్చిన పట్టుచీరలు వాటిలో ఉన్నాయి. అన్నిటిలోంచీ ఏదో ఒక ఆవిరి వస్తూనే ఉంటుంది. రేపు ల్యాబులో ఒక అంకె తేలితే, అది భూమిలోంచి వచ్చిందా, బీరువాలోంచి వచ్చిందా అని ఎవరూ వాదించే వీలుండకూడదు. అగరొత్తులు కూడా మానెయ్యమంది. ఇంటి పెద్దావిడ పూలతోనే పూజ కానిస్తున్నారు.

హాల్లో, కూర్చున్న మనిషి ముక్కు ఎత్తున, స్టాండు మీద ఒక స్టీలు క్యానిస్టర్ ఉంది. ఆరు లీటర్లది. ల్యాబులో శుభ్రం చేసి, లోపలి గాలంతా లాగేసి పంపిస్తారు. నిన్న ఉదయం వాల్వు తిప్పితే రెగ్యులేటర్ సన్నగా, ఆగకుండా, 24 గంటలపాటు ఇంటి గాలిని లోపలికి వదిలింది. పెరట్లో మరొకటి బయటి గాలిని పడుతోంది. నిన్న 30 అంగుళాల దగ్గరున్న వాక్యూమ్ ముల్లు ఇవాళ 5 దగ్గరుంది. సున్నాకు రాకముందే ఆమె వాల్వు బిగిస్తుంది. కాస్త వాక్యూమ్ మిగిలితేనే చివరి నిమిషం దాకా క్యానిస్టర్ గాలి పీల్చిందని రుజువు.

ఇంటి గాలి పట్టుకున్నాకే గచ్చు తవ్వాలి. ముందే తవ్వితే, కింది ఆవిరికి మనమే దారి తెరిచినట్టవుతుంది.

అల్మారా మూలన కార్పెట్ పక్కకు తొలగింది. డ్రిల్లు మోత మీ పళ్ళ దాకా తగులుతుంది. వేలెడు మందం కాంక్రీటు దాటగానే చప్పుడు మారుతుంది. ఆమె దుమ్ము లాగేసి, సిలికాన్ తొడుగున్న చిన్న ఇత్తడి పిన్నును సుత్తితో దిగ్గొడుతుంది. ఇక రెండు గంటలు ఆగాలి. కదిలిన గాలి మళ్ళీ కుదుటపడాలి.

"గాలిని కూడా డబ్బాలో పట్టుకెళ్తారా అమ్మా?" అంటారు పెద్దావిడ కాఫీ అందిస్తూ.

"అవునాంటీ. మీ ఇంటి గాలి వేరే, గచ్చు కిందిది వేరే."

చలికాలాన్నే ఎందుకు ఎంచుకున్నారో కూడా ఆ అమ్మాయే చెబుతుంది. హీటరు వేస్తే వేడిగాలి పైకి లేచి సందుల్లోంచి బయటికి పోతుంది. ఆ లోటు పూడ్చుకోవడానికి, బోండాంలోంచి స్ట్రాతో నీళ్ళు పీల్చినట్టు, ఇల్లు గచ్చు పగుళ్ళలోంచీ పైపుల చుట్టూ ఉన్న సందుల్లోంచీ కిందిగాలిని పీలుస్తుంది.

రెండు గంటలయ్యాయి. పిన్ను మీద ప్లాస్టిక్ డబ్బా బోర్లించి, అందులోకి హీలియం వదిలింది. పిన్నుకు తగిలించిన ట్యూబులోంచి వచ్చే గాలిలో హీలియం కనబడితే, పైగాలి ఎక్కడో చొరబడుతోందన్నమాట. డబ్బాలో ఉన్నదాంట్లో 5 శాతం మించి కనబడితే బిగింపులు సరిచేసి మళ్ళీ మొదలుపెట్టాలి. మీటరు మీద అంకె కదల్లేదు. నిమిషానికి 200 మిల్లీలీటర్లకు మించకుండా, లీటరు క్యానిస్టర్ నిండుతుంది. ఇంకా గట్టిగా లాగితే పక్క పగుళ్ళలోంచి ఇంటిగాలే దిగివచ్చి అసలు అంకెను పలచన చేస్తుంది.

పెద్దావిడ కోడలు అప్పటిదాకా గడపలోనే నిలబడి ఉంది. అయిదో నెల. "ఎంతుంటే భయపడాలి?" అని అడిగింది.

ఇంజినీరు తప్పించుకోలేదు. గర్భిణులకు టీసీఈ విషయంలో ప్రత్యేక జాగ్రత్త ఉంది. బిడ్డ గుండె రూపుదిద్దుకునే తొలి వారాల గురించే పెద్ద ఆందోళన. అందుకే పశ్చిమ రాష్ట్రాలు చూసే ఈపీఏ ప్రాంతీయ కార్యాలయం 2014లో ఇళ్ళకు ఒక గీత గీసింది. గాలిలో ఘనమీటరుకు 2 మైక్రోగ్రాములు దాటితే ఆలస్యం చేయకుండా కదలాలి. గచ్చు కింద ఉన్నదాంట్లో నూటికి మూడు పాళ్ళు ఇంట్లోకి రావచ్చని ఈపీఏ ముందుజాగ్రత్త లెక్క. కింద 100 తేలితే పైన 3 అన్నమాట, గీత దాటినట్టే. కింద ఎక్కువుండి, పైన కూడా ఉండి, పెరటి గాలిలో లేకపోతే దోషి ఎవరో తేలిపోతుంది. కింద లేకుండా పైన మాత్రమే ఉంటే మళ్ళీ బీరువాలు వెతకాలి.

"ఉందని తేలితే ఇల్లు ఖాళీ చెయ్యాలా?"

"చాలాసార్లు అక్కర్లేదక్కా. గచ్చు కిందికి ఒక పైపు దించి, ఫ్యాను పెట్టి, ఆ గాలిని ఇంటి కప్పు మీదికి లాగేస్తారు. భూమిలోంచి వచ్చే రేడాన్ వాయువుకు చేసేదే. ఫ్యాను మాత్రం రాత్రీ పగలూ తిరుగుతూనే ఉండాలి."

"లేదని తేలితే?"

"ఈ రోజుకు లేదని. వేసవిలో మళ్ళీ వస్తాను. ఒక్కసారి పట్టిన గాలితో ఏ ఇంటికీ బాగుందని రాసివ్వను."